మెదడు స్లైడ్ చదవడం – 4వ భాగం: గసగసాలు, సమోసాలు

పోయిన భాగంలో ఒక్క న్యూరాన్ (నాడీకణం) బొమ్మ గీశాం: కణదేహం, దాని చుట్టూ కొమ్మల్లా డెండ్రైట్లు, ఒక చోట నుంచి బయల్దేరే ఒకే ఒక్క ఆక్సాన్. ఈసారి గుంపును చూద్దాం. కార్టెక్స్ (మెదడు పైభాగపు పట్టీ, ఇందులో ఆరు పొరలు) స్లైడ్ ఫొటో ముందుంటే ఏ పొర ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించగలగాలి.

సెలవులకని మా బాబాయి కొడుకు బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌కి వచ్చాడు. మెడిసిన్ మొదటి ఏడాది. రాత్రంతా ఆరు పొరల పేర్లు వల్లె వేశాడు, పొద్దున్నే అడిగితే నాలుగూ ఐదూ తారుమారు. "గ్రాన్యులర్ (గింజల్లాంటి కణాల పొర) రెండుసార్లు, పిరమిడల్ (పిరమిడ్ ఆకారపు కణాల పొర) రెండుసార్లు వస్తాయన్నా, ఎలా గుర్తుంటాయి?" అన్నాడు. పుస్తకం మూసెయ్యమని, ఇక్కడి మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉన్న మెదడు మ్యూజియానికి తీసుకెళ్లాను.

అక్కడ ఫార్మలిన్ అనే రసాయనంలో భద్రపరిచిన మెదడును చేతిలోకి తీసుకోవచ్చు. మావాడు మొదట కాస్త జంకాడు. గట్టిగా, జున్ను గడ్డలా ఉంటుంది (బతికున్న మనిషి మెదడు ఇంతకన్నా చాలా మెత్తన). కోసిన ముక్క అంచు చూడమన్నాను. బయటివైపు బూడిద రంగు పట్టీ, లోపలంతా తెలుపు. ఆ పట్టీయే కార్టెక్స్. మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. ఆరు పొరలూ అందులోనే సర్దుకున్నాయి. మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లుంటే ఈ పట్టీలో ఉన్నవి సుమారు 1,600 కోట్లే. మిగతావాటిలో అత్యధికం వెనకనున్న చిన్నమెదడువి.

ఇక స్లైడ్. ముందు ఏ రంగు వేశారో చూసుకోండి. ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ 1873లో కనిపెట్టిన, వెండి లవణంతో వేసే రంగు పట్టే కణాలు బహు కొద్ది, కానీ పట్టిన కణం కొమ్మలతో సహా నల్లగా తేలుతుంది. ఒక్కో కణం ఆకారం చూడ్డానికి అది బాగుంటుంది. దాంతోనే స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ న్యూరాన్లు విడివిడి కణాలన్నాడు, గోల్జీ మాత్రం అంతా ఒకే వల అన్నాడు. 1906లో నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు! పొరలు చూడ్డానికి మనకు కావలసింది నిస్ల్ రంగు. అది కణదేహాలన్నిటికీ పడుతుంది, కొమ్మలు దాదాపు కనబడవు.

రెండోది, పైకప్పు ఎటుందో తేల్చుకోవాలి. నేను మొదటిసారి స్లైడ్ తలకిందులుగా పెట్టుకుని, కింద నుంచి ఒకటి, రెండు అని నంబర్లు వేసుకుంటూ పోయాను. ప్రాక్టికల్స్‌లో సున్నా. పిరమిడల్ కణాన్ని చూసి ఉంటే తప్పేది. అది నిలబెట్టిన సమోసాలా ఉంటుంది: కొన మెదడు ఉపరితలం వైపు, అడుగు వైట్ మేటర్ (లోపలి తెల్ల భాగం) వైపు. కొన నుంచి పొడవాటి డెండ్రైట్ పైకి పోతుంది, అడుగు నుంచి ఆక్సాన్ కిందికి దిగుతుంది.

ఇప్పుడు వరసగా కాకుండా, తేలిగ్గా దొరికేవి ముందు పట్టుకోండి. పైన కణాలు దాదాపు లేని ఖాళీ చార ఒకటో పొర. అక్కడ ఉన్నవి ఎక్కువగా కింది నుంచి వచ్చిన కొమ్మలే. తర్వాత ఐదు: పెద్ద పెద్ద సమోసాలు, ఎడంఎడంగా. దాని నెత్తిన గసగసాలు ఒత్తుగా చల్లినట్టున్నది నాలుగు. కళ్ల నుంచీ చర్మం నుంచీ థాలమస్ (మెదడు నడిమధ్య ఉండే కబుర్ల కూడలి) మీదుగా వచ్చే కబురు ముఖ్యంగా దిగేది ఇక్కడే. ఒకటికీ నాలుగుకీ మధ్య చిన్న గింజలు రెండో పొర, కిందికి పోయేకొద్దీ పెద్దవయ్యే సమోసాలు మూడో పొర. ఈ రెంటి మధ్య గీత అంత స్పష్టంగా ఉండదు, దాని కోసం తల బద్దలు కొట్టుకోకండి. ఐదు కింద మిగిలిన కలగాపులగం ఆరు.

అన్ని చోట్లా ఇవి ఒకే మందంలో ఉండవు. కండరాలను కదిలించే ప్రాంతంలో నాలుగో పొర దాదాపు మాయం. అక్కడి ఐదో పొరలో 1874లో బెట్జ్ వర్ణించిన రాకాసి కణాలుంటాయి, వాటి ఆక్సాన్లు వెన్నుపాములోకి దిగుతాయి. చూపు ప్రాంతంలో నాలుగో పొర బాగా మందం. అందులో తెల్ల గీత ఒకటి మామూలు కంటికే కనిపిస్తుంది. దాన్ని 1776లో గమనించిన జెన్నారి అప్పటికింకా వైద్య విద్యార్థే. ఈ మాట చెప్పాక మావాడు మళ్లీ ఆ ముక్క దగ్గరికి పోయి చాలాసేపు ముక్కు ఆనించి నిలబడ్డాడు.

ఈ వారం అభ్యాసానికి పోపులపెట్టె తెచ్చుకోండి. తెల్లకాగితం మీద పైన రెండు వేళ్ల మందం ఖాళీ వదిలి, ఆవాలు, మిరియాలు, గసగసాలు, శనగలతో రెండు నుంచి ఐదు దాకా పేర్చండి. ఆరుకి అన్నీ కలిపి చల్లండి. ఫొటో తీసుకుని, గసగసాలు ఊడ్చేసి, శనగల చోట నాలుగు చింతగింజలు పెట్టి మళ్లీ తీయండి. రెండో ఫొటో కింద ఆ ప్రాంతం పేరు రాసిపెట్టుకోండి, వచ్చే భాగంలో దానితోనే పని.