ఎఫ్-1 స్టేటస్ పాఠాలు – 3: డ్రాప్ నొక్కే ముందు

అమెరికాలో ఎఫ్-1 మీద, అంటే విద్యార్థులుగా, ఉంటున్నవాళ్ళను పోయిన పాఠంలో వీసా, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు), ఐ-20 (చదువు తేదీలతో యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మూడూ ముందు పెట్టుకుని తేదీలు చూసుకోమన్నాను. చూసుకున్నవాళ్ళలో సగం మందికి టెన్షన్ పట్టుకుంది, మిగతా సగం మందికి అక్కర్లేని ధైర్యం వచ్చింది. అందుకని కోర్సు డ్రాప్ చేయడం గురించి చెప్పేముందు, ఈసారి కూడా అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

టెన్షన్ పడ్డవాళ్ళు ఎక్కువగా పీహెచ్‌డీ వాళ్ళు. వీసా స్టాంపు గడువు అయిపోయింది, ఇక్కడ ఉండొచ్చా అని వాళ్ళ ప్రశ్న. ఉండొచ్చు. వీసా అమెరికాలోకి రావడానికి, లోపల ఉండటానికి కాదు. ఐ-20 చెల్లుతూ, చదువు నిబంధనల ప్రకారం సాగుతుంటే స్టేటస్‌కు ఏమీ కాదు. దేశం దాటి తిరిగి రావాలంటేనే కొత్త వీసా స్టాంపింగ్ గొడవ. కెనడా, మెక్సికోలకు 30 రోజుల్లోపు వెళ్ళొస్తే పాత వీసాతోనే రానిచ్చే వెసులుబాటు ఉంది కానీ, అక్కడ కొత్త వీసాకు అప్లై చేశారో అది పోతుంది. నేనైతే ఇంటికి వెళ్ళినప్పుడే ఆ పని పెట్టుకోమంటాను.

ధైర్యం వచ్చినవాళ్ళతోనే నాకు భయం. మనవాళ్ళకు మామూలుగా ఐదేళ్ళ వీసా ఇస్తారు, ఎంఎస్ రెండేళ్ళలో అయిపోతుంది. "వీసా ఇంకా మూడేళ్ళుంది కదండీ, ఐ-20 డిసెంబర్‌లో అయిపోతే ఏమవుతుంది?" అని అడుగుతున్నారు. చాలా అవుతుంది. థీసిస్ పూర్తి కాకపోతే ఆ తేదీకి ముందే డీఎస్ఓతో (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే అధికారి) ఐ-20 ఎక్స్‌టెన్షన్ చేయించుకోవాలి. చదువుకు సంబంధించిన గట్టి కారణమో, డాక్టరు కాగితాలున్న అనారోగ్యమో చూపించాలి. మార్కులు తగ్గి ప్రొబేషన్‌లో పడ్డాను అంటే కుదరదు. చదువు పూర్తయినవాళ్ళకు ఆ తర్వాత ఇక్కడ ఉండటానికి 60 రోజుల గడువుంది, డీఎస్ఓ అనుమతితో మధ్యలో మానేస్తే 15 రోజులే. చెప్పకుండా మానేస్తే ఒక్క రోజు కూడా లేదు.



ఇక నాకు ఒళ్ళు మండే సంగతి. కోర్సు కష్టంగా ఉందనగానే వాట్సాప్‌లో ఎవరో సీనియర్ "ముందు డ్రాప్ చేసెయ్, తర్వాత డీఎస్ఓకి మెయిల్ పెట్టు" అంటాడు. సరిగ్గా తిరగేసి చెప్పాడు! మీకు సెమిస్టర్‌కు తప్పనిసరిగా ఉండాల్సిన ఫుల్ లోడ్ 9 క్రెడిట్లు అనుకోండి (బ్యాచిలర్స్‌కు 12, మాస్టర్స్‌కు మీ యూనివర్సిటీ చెప్పినంత). మూడు క్రెడిట్ల అల్గారిథమ్స్ కోర్సు వదిలేస్తే 6 మిగులుతాయి. పోర్టల్ ఆపదు. రిజిస్ట్రార్ ఆఫీసూ ఆపదు, వాళ్ళకు అది ఫీజు లెక్క, గ్రేడు లెక్క. లోడ్ తగ్గించుకునే అనుమతి డ్రాప్‌కు ముందే సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) ఉండాలి. లేకపోతే రికార్డు టెర్మినేట్ కావచ్చు. తర్వాత పంపే మెయిల్ అనుమతి కాదు.

అనుమతికి కారణాలు కూడా కొన్నే. కొత్తలో ఇంగ్లిష్ ఇబ్బంది, ఇక్కడి బోధన అలవాటు కాకపోవడం, స్థాయికి తగని కోర్సులో పడటం: ఇలాంటివాటికి ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే ఇస్తారు, అప్పుడు కూడా కనీసం సగం లోడ్ ఉండాలి. అనారోగ్యానికి మొత్తం మీద 12 నెలల దాకా. చివరి సెమిస్టర్‌లో మిగిలినవి మాత్రమే చదవొచ్చు. జీపీఏ పడిపోతుందన్న భయం ఈ జాబితాలో లేదు.

ఇందులోనే ఇంకో గుంట ఉంది. ఫుల్ లోడ్ లెక్కలో సెమిస్టర్‌కు ఒక ఆన్‌లైన్ క్లాసే, అంటే మూడు క్రెడిట్లే చెల్లుతాయి. రెండు ఆన్‌లైన్, ఒకటి క్లాస్‌రూమ్ తీసుకుంటే కాగితం మీద 9, లెక్కలో 6. డిగ్రీకి ఒక్క కోర్సే మిగిలి ఉంటే అది ఆన్‌లైన్ కాకూడదు.

అభ్యాసం: వచ్చే సెమిస్టర్ కోర్సులు రాసి, ఒక్కొక్కటి ఆన్‌లైనో క్లాస్‌రూమో పక్కన వేయండి. ఒక్కో కోర్సు పోయిందనుకుని మిగిలే క్రెడిట్లు లెక్క కట్టండి. ఫుల్ లోడ్ కన్నా తగ్గిన ప్రతిసారీ పై కారణాల్లో మీకు ఏది వర్తిస్తుందో చూసి, డీఎస్ఓకు మెయిల్ డ్రాఫ్ట్ రాయండి. ఏ కారణమూ దొరకని కోర్సు మీకు మోయలేనిదిగా కూడా కనిపిస్తే, సెమిస్టర్ మొదలవకముందే మార్చేయండి.