చెమ్మ గోడకు రంగు వేసే ముందు

నేల నుంచి రెండు మూడడుగుల వరకు పట్టీలా చెమ్మ ఉంటే అది పునాది నుంచి ఎక్కుతోంది. బాత్‌రూమ్ అవతలి గోడ మీద మచ్చయితే పైపు లీకేజీ కావచ్చు. కారణం మాన్పకుండా లప్పం పెడితే ఒక్క వానాకాలానికే పొరలు లేస్తుంది.

పాడైన ప్లాస్టరింగును చెమ్మ గీత కన్నా అడుగున్నర పైదాకా కొట్టేయండి. ఇటుకల సందుల్ని అరంగుళం లోతు గీకాలి. గోడ మీద తేలిన తెల్లటి సౌడును, అంటే ఉప్పు పొడిని, పొడి తీగ బ్రష్‌తోనే తీయాలి. చాలామంది నీళ్లతో కడుగుతారు, కరిగిన ఉప్పు మళ్లీ ఇటుకలోకే ఇంకుతుంది. ఉప్పు బోరు నీళ్లతో మాలు కలపడమూ అంతే, మంచినీళ్లు వాడండి.

కర్నూలు, అనంతపురం ఎండలు ఇక్కడ వరమే. మార్చి, ఏప్రిల్‌లో పని పెట్టుకుని, కిటికీలు తెరిచి గోడను వారాల తరబడి ఆరనివ్వండి. పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. లోపలి వైపు నీటి బొట్లు పడితే ఇంకా ఆరలేదు.

గోడ ఆరాక కొత్త ప్లాస్టరింగు మాలుకు ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు జల్లించిన ఇసుక. వాటర్‌ప్రూఫ్ ద్రావణం డబ్బా మీద రాసిన కొలతే పోయండి. సున్నంతో కట్టిన పాత ఇళ్లకు మాత్రం సిమెంటు వద్దు, సున్నం మాలే పూయాలి. లేకుంటే చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది.

కొత్త ప్లాస్టరింగును ఏడు రోజులు తడపండి. నెల ఆగాక ప్రైమరు, ఆపైన రెండు పూతల రంగు. ఆయిల్ పెయింటు జోలికి పోవద్దు, గోడ ఊపిరాడక బుడగలు కడుతుంది.