పోర్చుగల్ చిన్న ఊళ్ళ చరిత్ర చదవడం – 4వ పాఠం: మార్వావ్ పత్రాల తేదీలు

పోయిన పాఠంలో ఇచ్చిన కాలక్రమంలో ఎక్కువమంది ఒకేచోట తడబడ్డారు. రెండో సాంచు రాజు మార్వావ్‌కిచ్చిన ఫొరాల్ (హక్కుల శాసనం) ఏడాదిని 1264 అని వేశారు. ఇంకొందరు 38 తీసెయ్యడం అలవాటు చేసుకుని, మనుయెల్ రాజు ఇచ్చిన 1512 ఫొరాల్‌ను కూడా 1474కి తోసేశారు. అందుకే పన్నుల పాఠం వాయిదా వేసి ఈసారి తేదీలే చూద్దాం.

పత్రంలో 'ఎర' అని ఉంటే అది సీజర్ శకం, అంటే క్రీస్తుపూర్వం 38 నుంచి లెక్కపెట్టే పాత శకం. క్రీస్తు శకంలోకి మార్చడానికి మన శాలివాహన శక సంవత్సరానికి 78 కలుపుతాం. ఇక్కడ 38 తీసెయ్యాలి. ఈ శకంలో ఏడాది జనవరి 1నే మొదలవుతుంది గనక, మన శాసనాల్లోలా నెలను బట్టి 78, 79 మారే బెడద లేదు. 1264 లోంచి 38 పోతే 1226. మొదటి జువావ్ రాజు 1422 ఆగస్టు 22న ఈ శకాన్ని ఆపేశాడు. ఆ తర్వాతి పత్రాల్లో క్రీస్తు పుట్టుక నుంచి లెక్క. వాటి జోలికి 38 పోకూడదు.

రాజుతో సరిచూసుకుంటే ఈ రెండు తప్పులూ దొరికిపోతాయి. 1264 నాటికి రెండో సాంచు చనిపోయి 16 ఏళ్ళు. 1474లో గద్దె మీదున్నది ఐదో అఫోన్సు.

రాజుకు కూడా దొరకని తప్పు ఒకటుంది. రోమన్ అంకెల్లో Xకి కుడివైపు పై కొమ్మున చిన్న కొక్కెం ఉంటే దాని విలువ 10 కాదు, 40. అచ్చువేసినప్పుడు ఆ కొక్కెం తరచూ రాలిపోతుంది. ఉదాహరణకు ఎర MCCCXVII అనుకోండి. మామూలు Xగా చదివితే 1317, అంటే 1279. కొక్కెముంటే 1347, అంటే 1309. దినిష్ రాజు 1279 ఫిబ్రవరి నుంచి 1325 జనవరి దాకా ఏలాడు కాబట్టి రెండేళ్ళూ ఆయనకు సరిపోతాయి! ముప్పై ఏళ్ళ తేడా ఎవరి కంటా పడదు. అచ్చుప్రతిని నమ్మకండి. మూలం ఛాయాచిత్రం తెరిచి, అదే రాయసగాడు అదే పుటలో రాసిన ప్రతి Xనూ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పటికీ తేలకపోతే సాక్షుల్లోని బిషప్పులు ఎవరు, ఏ ఏళ్ళలో ఆ పదవిలో ఉన్నారన్నదే దారి. ఈ పనికి నేనైతే రాజుకంటే బిషప్పునే ముందు చూస్తాను. బిషప్పులు త్వరగా మారతారు.

ఇంకొక్కటి: 15వ శతాబ్దపు 'పుట్టుక' లెక్కలో ఏడాది డిసెంబరు 25న మారుతుంది. ఆ చివరి వారం తేదీలకు ఒక ఏడాది తగ్గించండి.

అభ్యాసం: ఎర 1337, ఎర 1460 మార్చి, 'పుట్టుక' 1450 డిసెంబరు 28 – మూడింటినీ మన లెక్కలోకి మార్చి, ఒక్కొక్కదానికి రాజు పేరు రాయండి. 1895లో మార్వావ్ పురపాలన రద్దయి పక్క ఊరు కాస్తెలు ద వీద్‌లో కలిసింది, 1898లో తిరిగొచ్చింది. మీ పట్టికలో ఆ మూడేళ్ళను ఏ ఊరి కింద వేస్తారో కారణంతో రాయండి.