వేట నిషేధం ముగిశాక ఔట్‌బోర్డ్ ఇంజన్ మొరాయిస్తే

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు చేపల వేట ఆగుతుంది. ఫైబర్ బోట్ల వెనక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్లు ఎక్కువగా తిప్పలు పెట్టేది ఆ తర్వాత మొదటి వారంలోనే. రెండు నెలలు కదలని ఇంజన్‌లో పెట్రోలు పాతబడుతుంది, ఉప్పు పేరుకుంటుంది, రబ్బరు బిరుసెక్కుతుంది. ఇంజన్ మొరాయించగానే చాలామంది చెయ్యి ముందు కార్బురేటర్ మీదికే పోతుంది. దాన్ని ఆఖరికి విప్పండి. అంతకంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో సగం స్పానర్ అక్కర్లేనివే. ఇక్కడ రాసింది టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజన్ల గురించి.

ఒడ్డున పరీక్షించేటప్పుడు ఇంజన్ కింది భాగం నీళ్ల డ్రమ్ములో మునిగి ఉండాలి. సముద్రంలో ఆగితే మొదట లంగరు వేసి, ఆ తర్వాతే ఇంజన్ మూత తీయండి.

తాడు ఎంత లాగినా స్టార్ట్ కావడం లేదు

కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే స్విచ్) క్లిప్ సరిగా కూర్చుందా, గేరు న్యూట్రల్‌లో ఉందా చూడండి. తర్వాత ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి, పైపు మధ్యలో ఉన్న రబ్బరు బల్బును గట్టిపడేదాకా నొక్కండి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. ఎక్కువసార్లు అది కనెక్టర్‌లోని రబ్బరు రింగు, లేదా పైపు చివర చీలిక.

బల్బు గట్టిగా ఉంటే స్పార్క్ ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి రావడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మంట పుట్టడం లేదు, లేదా చోక్ ఎక్కువై ముంచేసింది. తడి ప్లగ్గు తుడిచి, పెట్రోలు కనెక్టర్ తీసేసి, ప్లగ్గు లేకుండా కొన్నిసార్లు తాడు లాగితే లోపలిది బయటికి పోతుంది. తర్వాత కొత్త ప్లగ్గు వేయండి. అప్పటికీ స్టార్ట్ కాకపోతే కిల్ స్విచ్ వైర్ల జాయింట్లు చూడండి. రాగి పచ్చగా మారి ఉప్పు పట్టి ఉంటే తప్పు అక్కడే ఉండొచ్చు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నీరు ఎక్కువైతే ఆ రెండూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి, పైపు లాగేది ఆ అడుగు నుంచే. అందులో కలిపిన టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) మాత్రం పైన ఉన్న పెట్రోలులోనే మిగిలిపోతుంది. అంటే ఇంజన్‌కు నీళ్లే కాదు, ఆయిల్ లేని ఇంధనం కూడా అందుతుంది, పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి కదపకుండా పెట్టండి. కింద వేరే పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, కార్బురేటర్ అడుగు డ్రైన్ స్క్రూ తీసి అందులోదీ పారబోయండి. కొత్త పెట్రోలులో ఆయిల్ పాళ్లు మీ ఇంజన్ పుస్తకంలో ఉన్నంతే కలపండి. 50:1 అయితే 10 లీటర్లకు 200 మి.లీ.

ఈ పనులన్నీ అయినా పెట్రోలు ప్లగ్గు దాకా రాకపోతే, అప్పుడు విప్పండి కార్బురేటర్‌ని. ఆరిపోయిన పెట్రోలు జిగురు జెట్ సన్న రంధ్రంలో అడ్డుపడి ఉంటుంది. క్లీనర్‌తో, గాలితో శుభ్రం చేయండి. తీగ దూర్చితే రంధ్రం పెద్దదైపోతుంది.

స్టార్ట్ అయి కాసేపటికి ఆగిపోతోంది

ఆగిన వెంటనే బల్బును చూడండి. లోపలికి అణిగిపోయి ఉంటే ట్యాంకు వైపు అడ్డు ఉంది: గాలి స్క్రూ మూసి ఉండొచ్చు, ట్యాంకులోని జాలీ మూసుకుపోయి ఉండొచ్చు. అణగకుండా ఉండి, బల్బు నొక్కుతున్నంతసేపే ఇంజన్ నడుస్తుంటే ఫ్యూయల్ పంపు డయాఫ్రం (లోపలి పల్చటి పొర) పోయినట్టే అనుకోండి. ఒడ్డుకు చేరేదాకా ఒకరు బల్బు నొక్కుతూ కూర్చోవచ్చు. ఆ డయాఫ్రం కిట్ ఒకటి బోటులో ఎప్పుడూ ఉండాలి.

పక్కనుంచి నీటి ధార రావడం లేదు

ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు ఆ ధారగా బయటికొస్తాయి. అందుకే టెన్షన్ పడాల్సింది దీనికే. వెంటనే ఇంజన్ ఆపండి. ధార వచ్చే రంధ్రంలో సన్నటి వైరు ఆడించండి, ఇసుకో ఉప్పో అడ్డుపడితే పోతుంది. కింద నీళ్లు తీసుకునే జాలీకి ప్లాస్టిక్ కవరు అతుక్కుందేమో చూడండి. రెండూ బాగుంటే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (నీళ్లు తోసే రెక్కల చక్రం) అరిగి ఉండొచ్చు. మార్చేటప్పుడు పాతదాని రెక్కలు లెక్కపెట్టండి. ఒకటి విరిగి ఉంటే ఆ ముక్క పైన నీటి దారిలో ఇరుక్కుని ఉంటుంది, దాన్ని తీయకపోతే కొత్త ఇంపెల్లర్ వేసినా వేడి తగ్గదు.

శబ్దం మారింది, బోటు కదలడం లేదు

ఇంజన్ అరుస్తూ బోటు నిలబడిపోతే ఫ్యాను (ప్రొపెల్లర్) షియర్ పిన్, అంటే గట్టి దెబ్బ తగిలితే ముందు విరిగే పిన్ను, తెగింది, లేదా లోపలి రబ్బరు బుష్ జారుతోంది. రెండు సిలిండర్ల ఇంజన్ సగం బలంతో వణుకుతూ నడిస్తే కాసేపు నడిపి ఆపి రెండు ప్లగ్గులూ విప్పండి. నల్లగా తడిగా ఉన్నది పనిచేయని సిలిండర్‌ది.

ఫ్యాను విప్పినప్పుడు షాఫ్ట్ చుట్టూ వల దారం ఉంటే పూర్తిగా తీసేయండి. అది సీలును కోసేస్తుంది. వెంటనే గేరు పెట్టె కింది స్క్రూ వదులు చేసి గేరాయిల్ చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. సీలు మార్చకుండా ఆయిల్ మాత్రం మార్చి మళ్లీ వేటకు వెళ్లొద్దు.