స్విచ్ వేస్తే లైటు వెలగట్లేదా? ముందు తప్పు ఎక్కడుందో తేల్చండి

లైటు వెలగకపోతే చాలామంది నేరం స్విచ్ మీదే వేస్తారు. ముందు పక్క గదిలో వెలిగే బల్బు తెచ్చి ఈ హోల్డర్‌లో పెట్టి చూడండి. అప్పుడు కూడా వెలగకపోతేనే బోర్డు జోలికి పోవాలి.

బోర్డు విప్పే ముందు మెయిన్ దించాలని అందరికీ తెలుసు, ఇన్వర్టర్ సంగతే మర్చిపోతారు. మెయిన్ దించగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ అందుకుంటుంది, లైట్ల లైన్‌కి తనే కరెంటు పంపిస్తుంది, అంటే మీరు వేలు పెట్టే చోట 230 వోల్టులు అలాగే ఉంటాయి. రెండూ ఆపండి. టెస్టర్ పనిచేస్తోందో లేదో కరెంటు ఉన్న ప్లగ్గులో ముందే చూసుకుని, అన్నీ ఆపాక స్విచ్ స్క్రూల మీద పెట్టి చూడండి, వెలగకూడదు.

నొక్కితే వెలగదు, కాస్త కదిపితే వెలుగుతుంది: లోపల పాయింట్లు కాలి మసిబారాయి, లేదా స్ప్రింగు వదులైంది. మా అనంతపురంలో ఆషాఢం గాలులకు లేచే దుమ్ము కూడా బోర్డుల్లో బాగానే చేరుతుంది. కొందరు కొబ్బరి నూనె చుక్క వేస్తారు, దయచేసి వెయ్యకండి, దుమ్ము ఇంకా అంటుకుంటుంది. స్విచ్ మార్చడమే మందు. పాతదాన్ని షాపుకి తీసుకెళ్లండి, ఒక కంపెనీ మాడ్యులర్ స్విచ్ ఇంకో కంపెనీ ప్లేటులో సరిగ్గా కూర్చోదు. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి.

అసలే వెలగదు: ఇక్కడ మాత్రం కరెంటు ఉండగానే టెస్టర్‌తో చూడాలి. చెప్పులేసుకుని, తడి లేని చేత్తో, వేలు టెస్టర్ వెనక టోపీ మీద మాత్రమే పెట్టండి. భయమేస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, అందులో నామోషీ ఏం లేదు. ఆన్ చేసినప్పుడు స్విచ్ రెండు స్క్రూల మీదా టెస్టర్ వెలిగితే స్విచ్ బాగానే ఉంది, తప్పు హోల్డర్‌లోనో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే) వైర్లోనో వెతకాలి. ఒకదాని మీదే వెలిగితే స్విచ్ పోయింది. ఏదాని మీదా వెలగకపోతే స్విచ్ దాకా ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) రావట్లేదు, పక్క స్విచ్ నుంచి వచ్చే లూపు వైరు ఊడిందేమో, ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే మెయిన్ బోర్డు స్విచ్) పడిందేమో చూడండి.

స్విచ్ వేడెక్కుతోంది, చిటచిట శబ్దం, కాలిన వాసన: దీన్ని రేపటికి వాయిదా వెయ్యొద్దు. చాలాసార్లు స్క్రూ లూజే కారణం. లూజైన చోట కరెంటు సరిగ్గా పోక వేడి పుడుతుంది, ఆ వేడికి రాగి నల్లబడి ఇంకా లూజవుతుంది, చివరికి ప్లాస్టిక్ కరుగుతుంది. నల్లబడిన రాగిని కత్తిరించేసి, కొత్తగా సెంటీమీటరు మేర తొక్క తీసి, పోగులన్నీ మెలిపెట్టి మడిచి, రాగి మీదే పడేలా స్క్రూ బిగించండి. వైరుని కాస్త లాగి చూడండి, కదలకూడదు. రంగు మారిన స్విచ్‌ని మళ్లీ వాడొద్దు. స్క్రూ గట్టిగానే ఉన్నా వేడెక్కుతుంటే ఆ స్విచ్ ఏం మోస్తోందో చూడండి. సంపు నుంచి ట్యాంకుకి నీళ్లెక్కించే ఒక హెచ్‌పీ మోటారుని 6 ఆంపియర్ల లైటు స్విచ్‌కి తగిలించిన ఇళ్లు మనకేం తక్కువ లేవు. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల స్విచ్, లావు వైరు ఉండాలి.

ఆపినా ఎల్‌ఈడీ బల్బు మసకగా వెలుగుతూనే ఉంది: ఎర్ర ఇండికేటర్ ఉన్న స్విచ్ అయితే దాంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటే కారణం, భయం లేదు. ఇండికేటర్ లేకపోతే మాత్రం స్విచ్‌ని ఫేజ్‌కి కాకుండా న్యూట్రల్‌కి పెట్టారేమో అనుమానించాలి. స్విచ్ ఆపి హోల్డర్ పిన్నుల్లో టెస్టర్ పెడితే బాగా వెలిగిందంటే అదే. ఇలాంటి ఇంట్లో స్విచ్ ఆపేశాం కదా అని బల్బు మార్చబోయినా షాక్ కొట్టొచ్చు. వైర్లు ఎక్కడ తారుమారయ్యాయో మెయిన్ బోర్డు దాకా వెతకాలి కాబట్టి ఇది మాత్రం ఎలక్ట్రీషియన్ పని.

వానకి గోడ నాని బోర్డు ముట్టుకుంటే జివ్వుమంటే స్విచ్ మార్చి లాభం లేదు. ఎమ్‌సీబీ దించేసి, ఇన్వర్టర్ కూడా ఆపేసి, పైన నీళ్లు ఎక్కణ్నుంచి దిగుతున్నాయో అది ఆపి, గోడ పూర్తిగా ఆరాక ఎర్త్ చూపించుకుని అప్పుడు వాడండి. ఇక మెట్ల దగ్గరి టూవే స్విచ్ (ఒకే లైటుకి కిందొకటి, పైనొకటి ఉండేది) అయితే వైర్లు విప్పే ముందు ఏ స్క్రూకి ఏ రంగు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి, లేకపోతే కిందది ఆపితే పైది పనిచెయ్యదు.