బాష్పపీడనం తగ్గుదలను బట్టి ద్రావితం బరువు కనుక్కోవడం ఎలా?

నీటి బాష్పపీడనం (దాని ఆవిరి కలిగించే పీడనం) ఇంత తగ్గాలంటే అందులో ఎంత యూరియా కలపాలి? ఇంటర్ ద్రావణాల పాఠంలో తరచూ ఎదురయ్యే లెక్క ఇది. రౌల్ట్ నియమం (బాష్పపీడనం తగ్గుదలను శుద్ధ ద్రావణి పీడనంతో భాగిస్తే ద్రావితం మోల్ భాగం వస్తుంది) తెలిస్తే నాలుగు లైన్లలో తేలిపోతుంది. చిక్కంతా ఏ పీడనంతో భాగించాలన్న దగ్గరే.

ద్రావితం (కరిగే పదార్థం) తనంతట తాను ఆవిరయ్యేది కాకూడదు. యూరియా, గ్లూకోజు, పంచదార లాంటివి సరిపోతాయి.

25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి బాష్పపీడనం 23.8 మి.మీ. (పాదరసం). 180 గ్రాముల నీటిలో యూరియా కలిపి దాన్ని 23.3కు దించాలనుకుందాం.

1. తగ్గుదల: 23.8 − 23.3 = 0.5 మి.మీ.

2. దీన్ని ద్రావణం బాష్పపీడనంతో భాగించండి, శుద్ధమైన నీటి పీడనంతో కాదు. 0.5 ÷ 23.3 = 0.02146. ద్రావితం మోల్‌లను నీటి మోల్‌లతో భాగిస్తే వచ్చే విలువ ఇదే.

3. నీరు 180 ÷ 18 = 10 మోల్‌లు. కాబట్టి యూరియా 0.2146 మోల్‌లు.

4. యూరియా అణుభారం 60. కావాల్సింది 0.2146 × 60 = 12.88 గ్రాములు.

మరి రౌల్ట్ సూత్రంలో హారంగా ఉండేది శుద్ధ ద్రావణి (కరిగించుకునే ద్రవం, ఇక్కడ నీరు) పీడనమే కదా? నిజమే, కానీ అలా భాగిస్తే వచ్చేది ద్రావితం మోల్ భాగం. దాని హారంలో ద్రావితం మోల్‌లు కూడా కలిసి ఉంటాయి. విలీన (పలచని) ద్రావణమే కదా అని వాటిని వదిలేస్తే పై లెక్కకు 12.6 గ్రాములు వస్తుంది. ఇక్కడ తేడా చిన్నదే. అయితే ఈ లోటు బాష్పపీడనం ఎంత శాతం తగ్గితే అంత శాతం ఉంటుంది. 92 గ్రాముల (1 మోల్) టోలీన్ బాష్పపీడనాన్ని 75 శాతానికి దించాలి, ద్రావితం అణుభారం 60 అనుకోండి. సరైన జవాబు 25 ÷ 75 × 60 = 20 గ్రాములు. ఉజ్జాయింపు పద్ధతిలో 15 వస్తుంది. పరీక్షలో ఆప్షన్లలో రెండూ ఉంటే గోవిందా! సరైన పద్ధతి కష్టమైతే సరే, అదే ఇంత సులువుగా ఉన్నప్పుడు ఉజ్జాయింపు ఎందుకో నాకు అర్థం కాదు.

ప్రశ్నను కూడా నిదానంగా చదవండి. ‘75 శాతానికి’ బదులు ‘75 శాతం’ తగ్గించాలని ఉంటే జవాబు 180 గ్రాములు.

ఉప్పు సంగతి వేరు. నీటిలో అది రెండు అయాన్లుగా విడిపోతుంది. పూర్తిగా విడిపోయిందనుకుంటే మూడో మెట్టులో వచ్చిన మోల్‌లను 2తో భాగించాలి: 0.1073 × 58.5 (ఉప్పు ఫార్ములా భారం), అంటే సుమారు 6.28 గ్రాములు.