మొదటి ఎలిజబెత్ రాణి నాటి ఆరు పెన్నీల వెండి బిళ్ల చేతికొస్తే

ముందుగా ఒక మాట: తోమకండి. ఇంగ్లండులోని లెస్టర్‌లో మా ఇంటికి వచ్చిన అమ్మ, వరలక్ష్మీ వ్రతం ముందురోజు వెండి సామానుతో పాటు నా 1591 నాటి బిళ్లనూ విభూతి పెట్టి తోమేసింది. నాలుగు వందల ఏళ్లుగా పేరుకున్న నలుపు పది నిమిషాల్లో పోయింది. దానితో పాటే సగం ధర కూడా. అమ్మని ఏమంటాం!

అంచులు పట్టుకుని, సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూడండి. రాణి తల వెనక గులాబీ, బొరుసు వైపు డాలు పైన సంవత్సరం ఉండాలి. షిల్లింగుకి (పన్నెండు పెన్నీల బిళ్ల) ఈ రెండూ ఉండవు. మూడు పెన్నీలదానికి ఉంటాయి కానీ అది బాగా చిన్నది. మనం చూసేది 26 మి.మీ. ఉంటుంది. దాదాపు మన పది రూపాయల బిళ్లంత వెడల్పు, బరువు మాత్రం అందులో సగం కూడా ఉండదు.

వంకరగా ఉందని కంగారుపడొద్దు. లండన్ టవర్ టంకశాలలో కింది అచ్చును కొయ్యమొద్దులో దిగ్గొట్టి, దానిమీద వెండి బిళ్ల పెట్టి, పై అచ్చును చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేవారు. చెయ్యి కదిలి రెండో దెబ్బ పక్కకి పడితే రాణికి రెండు ముక్కులొస్తాయి. బొమ్మ నిటారుగా ఉంటే బొరుసు ఎటో తిరిగి ఉంటుంది. మరీ గుండ్రంగా, నీటుగా ఉన్నా నకిలీ అనెయ్యకండి. ఎలోయ్ మెస్ట్రెల్ అనే ఫ్రెంచివాడు 1561 నుంచి పదేళ్ల పాటు మరతో కూడా కొట్టాడు. దొంగ నాణేల కేసులో 1578లో అతన్నే ఉరి తీశారు.

తర్వాత త్రాసు. నగలు తూచే చిన్న డిజిటల్‌ది చాలు. కొత్తలో 3.1 గ్రాములు, 1601 నుంచి 3.0. నాది 2.7 తూగుతుంది. అంచు దగ్గర 'పోసువి' అనే లాటిన్ మాటలో పై సగం లేదు, వెండి కోసం ఎవరో అంచు కత్తిరించుకున్నారు. అప్పట్లో అది రాజద్రోహం, అయినా ఆగలేదు.

అక్షరాల వరస మొదలయ్యే చోట, పైన, టంకశాల గుర్తు ఉంటుంది. రెండు వైపులా చూడండి. బాణం ములికి అయితే 1561-65, చెయ్యి అయితే 1590-92. ములికి గుర్తు పెట్టి 1591 అని ఉంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

నేను మోసపోయింది ఇవన్నీ సరిగ్గా ఉన్న వేరే బిళ్లతోనే. రాణి గడ్డం కింద చిన్న సొట్ట ఉంటే పాతదనం అనుకున్నాను. కొన్ని నెలల తర్వాత ఇంకో నాణేల వ్యాపారి బల్ల మీద ఇంకో బిళ్ల, అదే చోట అదే సొట్ట! రెండూ ఒకే మూసలో పోసినవి. భూతద్దం పెడితే అక్షరాల అంచులు సబ్బు కరిగినట్టు మెత్తగా, మధ్యలో సన్నటి బుడగలు. అంచు చుట్టూ ఆకురాయితో రుద్దిన గీతలు. అప్పుడే చూసుండాల్సింది.

దాచడానికి మామూలు పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు, బిళ్లకి ఆకుపచ్చ జిగురు పడుతుంది. ఆమ్లం లేని కాగితం కవరు మంచిది. నాది ఇప్పుడు బీరువా పై అరలో ఉంది, అమ్మ చేతికి అందని చోట.